చెక్క మొహానికి పలచటి రంగు పూతలు ఎలా వేస్తారు? నాకు ప్లాస్టిక్ మొహమే వస్తోంది

కంచరపాలెం_ఉలి
పొణికి చెక్కలో జాలరి తాత తల చెక్కాను, జానెడు ఎత్తు. ఉలి పని అయ్యేవరకు నాకే ముచ్చటేసింది. కళ్ల పక్కన ముడతలు, దవడ కింద గుంట, పళ్లూడిన మూతి అన్నీ కుదిరాయి. 'స్కిన్ కలర్' అని రాసి ఉన్న ఆక్రిలిక్ ట్యూబ్ తెచ్చి రెండు కోట్లు వేశాను. అంతే, ముడతలు పూడిపోయి తాత మాయమైపోయాడు. మిగిలింది ప్లాస్టిక్ మొహం.

వీడియోల్లో విదేశాల వాళ్లు నీళ్ల రంగు పొర మీద పొర వేస్తున్నారు. కింద చెక్క కనబడుతూనే ఉంటుంది, మొహం మాత్రం సజీవంగా ఉంటుంది. అదే ఇంకో ముక్క మీద చేస్తే మచ్చలు పడుతున్నాయి. ముక్కు కింద, గడ్డం కింద నల్లగా, నుదుటి మీద అసలు అంటనే అంటనట్టు. ఎవరైనా ఈ పద్ధతిలో మొహాలు వేసి ఉంటే మొదటి నుంచి చెప్పండి. రెండో తల చెక్కి పెట్టుకున్నాను, దాని మీద బ్రష్ పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

మర్రిపాలెం_మావయ్య
ఒక్క తలకి రెండు కోట్లా? ఇక్కడ మా ఇంటి సున్నానికే డబ్బుల్లేవు.

సంధ్య_కుంచె
మావయ్య గారూ, మీరు కాసేపు ఆగండి. ఉలి గారూ, చెక్క మీద నేరుగా రంగు వేశారా, కింద ఏమైనా పూశారా?

కంచరపాలెం_ఉలి
నేరుగానే అండి. 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి వేశాను.

భీమిలి_వడ్రంగి
మచ్చలకు రంగును తిట్టి లాభం లేదు, అది చెక్క గుణం. చెట్టు నీళ్లు పైకి లాక్కునే సన్నటి గొట్టాలే చెక్కలో నార. తల నిలువుగా చెక్కినప్పుడు నుదురు, బుగ్గలు నార వెంబడి వస్తాయి. ముక్కు కింద, గడ్డం కింద, చెవి పైన, నడినెత్తిన నార అడ్డంగా తెగుతుంది. అక్కడ గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి, పలచటి రంగు తగలగానే తాగేస్తాయి. పొణికి మరీ మెత్తటి చెక్క, తేలిక చెక్క. టేకు ఇంతగా తాగదు, కానీ దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి నీళ్ల రంగు సరిగ్గా అంటదు.

చేయాల్సింది రెండు పనులు. ముందు ఉత్త నీళ్లతో మొహమంతా తడపండి. తడి తగిలితే నార లేస్తుంది. పూర్తిగా ఆరాక ఆ లేచిన నూగును మాత్రం 400 కాగితంతో తేలిగ్గా తీసేయండి. గట్టిగా రుద్దితే ఉలి గాట్లు పోతాయి, జాగ్రత్త. తరువాత చెక్క దాహం తీర్చే పూత ఒకటి వేయాలి. నేను డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పూసి, పది నిమిషాలయ్యాక తుడిచేసి, బాగా ఆరబెడతాను.

ఏయూ_పాతకాపు
లిన్సీడ్ వద్దు వడ్రంగి గారూ. మన విశాఖ ఉక్కపోతకి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. పైన వేసేది ఆక్రిలిక్. కింద నూనె పచ్చిగా ఉంటే పైపూత పట్టు జారి, పొర లేచిపోతుంది. ఆక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేసుకోవచ్చు కానీ ఆయిల్ మీద ఆక్రిలిక్ వేయకూడదని ఫైన్ ఆర్ట్స్ మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఆక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు, మెరుపు లేని ఆక్రిలిక్ జిగురు) కొని సగానికి సగం నీళ్లు కలిపి ఒక పూత వేస్తే చాలు. అరగంటలో పని మొదలుపెట్టొచ్చు.

భీమిలి_వడ్రంగి
పూర్తిగా ఆరనిస్తే ఏమీ కాదండి. మీడియం వేస్తే చెక్కకి ఆ పసుపు ఛాయ రాదు, చచ్చినట్టు తెల్లగా ఉంటుంది. నూనె వేస్తేనే చెక్కకి వెచ్చదనం.

ఏయూ_పాతకాపు
వెచ్చదనం కావాలంటే రంగులో పెట్టుకోవచ్చు కదా. పైగా అవిసె నూనె ఏడాది ఏడాదికీ పసుపెక్కుతుంది. పదేళ్లయ్యాక తాతకి కామెర్లు.

రిటైర్డ్_ఫోర్‌మన్
వాదన మీరు మీరు తేల్చుకోండి, మధ్యలో ఒక్క మాట. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరడమంటే గాలిలో ఆక్సిజన్‌తో కలవడం. ఆ క్రమంలో వేడి పుడుతుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. గుడ్డను విప్పి దండెం మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి. లేదా నీళ్ల డబ్బాలో ముంచి పెట్టండి. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఇది చెప్పేవాణ్ని.

మర్రిపాలెం_మావయ్య
ఫోర్‌మన్ గారు చెప్పింది నిజం. మా ఆవిడ కూడా అంతే, లోపల పెట్టుకుంటే అంటుకుంటుంది.

కృష్ణలంక_కోడలు
మా పుట్టిల్లు కొండపల్లికి దగ్గర, మెట్టినిల్లు ఇక్కడ ఎంవీపీ కాలనీ. మా వైపు పొణికి మీద నేరుగా ఎవరూ రంగు వేయరు. ముందు చెక్కను సన్నటి సెగ మీద తడి పోయేవరకు ఆరబెడతారు. చేతులు, తల విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ముక్కు, పెదవి వంటివి కూడా మక్కుతోనే దిద్దుతారు. ఆరాక సుద్ద పూత. ఆ తెల్లటి నేల మీద మేక వెంట్రుకల కుంచెతో రంగులు. సుద్ద అన్ని చోట్లా ఒకేలా పీలుస్తుంది కాబట్టి మచ్చల మాటే ఉండదు.

ఉలి గారికి పొణికి దొరికింది, సుద్ద కూడా పూయొచ్చు కదా?

కంచరపాలెం_ఉలి
పూస్తే ఉలి గాట్లు పూడిపోవా అండి? నా బాధంతా అదే.

కృష్ణలంక_కోడలు
పూడతాయి. మావాళ్లు అవి కనబడకూడదనే కదా పూసేది. అక్కడ మొహం అంటే నున్నగా ఉండాలి, దూరం నుంచి చూసినా కళ్లు, మీసం తెలియాలి. మీ తాత లెక్క వేరు, ఒప్పుకుంటాను.

వరాహ_ఒడ్డు
అసలు మొహానికి ఇంత నీడా వెలుగూ ఎందుకో నాకు అర్థం కాదు. మాది ఏటికొప్పాక పక్క. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో అద్దితే మెరుపు వస్తుంది. కంటికి రెండు చుక్కలు, నోటికి ఒక గీత. దాన్ని చూసి పిల్లలు నవ్వుతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు లక్కలో కలిపే పద్ధతిని నిలబెట్టినందుకే సీ.వీ. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మొహంలో ముడతలు లెక్కపెట్టి ఎవరికీ రాలేదు.

సంధ్య_కుంచె
రెండు చుక్కలు, గీత కూడా మొహమే, కాదనను. కానీ లేత్ మీద తిరిగే బొమ్మకి ఒక పక్క అంటూ ఉండదు, ఎటు తిప్పినా గుండ్రమే. ఉలి పట్టి చెక్కిన తలకి ఎడమ దవడ వేరు, కుడి దవడ వేరు. ఆయన కావాలని చేసిన పని అది. దాన్ని రంగు కప్పేయకూడదు, అంతే గొడవ.

వరాహ_ఒడ్డు
అయితే రంగే మానేయమనండి. తేనె మైనం రాసి వదిలేస్తే సరి.

భీమిలి_వడ్రంగి
దానికి నేనూ ఓటేస్తాను.

కంచరపాలెం_ఉలి
పొణికి పాలిపోయిన తెలుపు అన్నా. జాలరి తాత మైనం రాసుకుంటే దొరబాబు అయిపోతాడు. రంగు కావాలి.

సంధ్య_కుంచె
సరే, నేను చేసే పద్ధతి రాస్తాను, కాస్త పొడుగు.

ముందు ఆ 'స్కిన్ కలర్' ట్యూబ్ పక్కన పెట్టేయండి. ఆ రంగు మన రాష్ట్రంలో ఎవరి వొంటి మీదా లేదు. పైగా దాంట్లో తెలుపు ఉంటుంది. టైటానియం తెలుపు కలిసిన రంగు ఎంత పలచన చేసినా మసక తెరే, కింది పొర కనబడదు. మీకు కావాల్సినవి నాలుగు: బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అల్ట్రామరీన్ నీలం, ఒక ఎరుపు. తెలుపు ఆఖరున చిటికెడు.

మొదటి పూతకి సియెన్నా, ఓకర్ సమానంగా కలిపి, ఒక చుక్క రంగుకి పది చుక్కల దాకా నీళ్లు. పళ్లెంలో చారు తేటలా కనబడాలి. న్యూస్‌పేపర్ ముక్క మీద ఒక గీత గీయండి. కింద అక్షరాలు హాయిగా చదవగలిగితే సరిపోయినట్టు. బ్రష్ ముంచాక గుడ్డ మీద ఒకసారి ఒత్తి, తరువాతే మొహానికి తగిలించండి. లేకపోతే కంటి గుంటలోకి కారి అక్కడ మడుగు కడుతుంది. నుదుటి దగ్గర మొదలుపెట్టి మెడ దాకా ఆపకుండా రావాలి. మధ్యలో ఫోన్ ఎత్తితే అక్కడ అంచు ఆరి గీత పడుతుంది. ఈ పూత చూసి నిరాశ పడకండి. రంగు వేసినట్టే ఉండదు, చెక్క కాస్త ఎండకి తిరిగొచ్చినట్టు ఉంటుంది.

ఆరాక అదే రంగు ఇంకోసారి. ఇంకోసారి. జాలరి తాతకి నాలుగైదు పూతలు పడతాయి. మీకు కావాల్సిన ఛాయ కన్నా ఒక మెట్టు తక్కువలో ఆపేయండి, ఎందుకంటే పైన నీడలు, ఎరుపు వచ్చాక మొత్తం ముదురుతుంది.

నీడకి నలుపు ట్యూబ్ ముట్టుకోవద్దు. నలుపు కలిపితే గోధుమ రంగు వొళ్లు బూడిద కొడుతుంది. సియెన్నాలోనే కొంచెం నీలం కలపండి, చక్కటి ముదురు గోధుమ వస్తుంది. కనుగుంటల్లో, ముక్కు పక్క మడతలో, కింది పెదవి కింద, కణతల్లో పెట్టండి. పెట్టిన వెంటనే ఇంకో శుభ్రమైన తడి బ్రష్‌తో ఒక పక్క అంచును కలిపేయాలి. రెండు బ్రష్‌లు చేతిలో ఉండాల్సిందే, ఒకటి రంగుది, ఒకటి నీళ్లది. ముడతల్లోకి రంగు దించడానికి పలచటి ముదురు రంగు పూసి, పాత పంచె గుడ్డతో పైపైన తుడిచేస్తే చాలు. గాటు లోపల మిగిలిపోతుంది, మిట్ట మీద పోతుంది. మీ ఉలి పని అప్పుడు పైకి వస్తుంది.

కంచరపాలెం_ఉలి
ఇది ప్రింట్ తీసి గోడకి అంటిస్తున్నాను.

పెందుర్తి_పెయింటర్
పది చుక్కల నీళ్లా? ఆక్రిలిక్‌లో అంత నీళ్లు పోస్తే జిగురు చెదిరిపోతుంది. ఆరాక వేలితో రుద్దితే పొడి రాలుతుంది. నేను గోడల మీద బొమ్మలేసే వాణ్ని, చూసే చెబుతున్నా.

సంధ్య_కుంచె
గోడ వేరు కదండీ. ప్రైమర్ కొట్టిన గోడ పీల్చదు, రంగు పైనే ఉండిపోతుంది, అందుకే రాలుతుంది. చెక్క పీల్చుకుంటుంది.

ఏయూ_పాతకాపు
ఇద్దరిదీ నిజమే, కానీ పెందుర్తి గారి పాయింట్ ఇక్కడ పట్టించుకోవాలి. పచ్చి చెక్క మీద నీళ్లతో పలచన చేస్తే పరవాలేదు. నేను చెప్పినట్టు మీడియంతో సీల్ చేశాక ఆ చెక్క కూడా గోడ కిందే లెక్క. రెండో పూత నుంచి నీళ్లలో సగం తగ్గించి, ఆ సగం మీడియం పోయండి. రంగు పలచనే, జిగురు మాత్రం తగ్గదు. పోస్టర్ కలర్‌తో మాత్రం ఈ పొరల పని పెట్టుకోవద్దు. అది ఆరినా మళ్లీ నీళ్లు తగిలితే కరుగుతుంది, రెండో పూత వేసేలోపు మొదటిది లేచి వచ్చేస్తుంది.

పెందుర్తి_పెయింటర్
మీడియం అయితే ఓకే.

గాజువాక_జీరో
పోస్టర్ కలర్‌లో ఫెవికాల్ కలిపితే?

ఏయూ_పాతకాపు
స్కూల్ ప్రాజెక్టుకి కలుపుకో తమ్ముడూ.

అర్దళం_మేష్టారు
పద్య నాటకాలకు మేకప్ చేసేవాణ్ని. చెక్క సంగతి నాకు తెలియదు, మొహం సంగతి తెలుసు. మీరంతా మొహానికి ఒకటే రంగు, పైన నీడ అంటున్నారు. మొహం ఒక రంగు కాదు. పెట్రోమాక్స్ దీపాల నాటి నుంచి మాకు ఇదే చదువు.

నుదురు పసుపు ఛాయలో ఉంటుంది. అక్కడ కండ తక్కువ, చర్మం కింద వెంటనే ఎముక. మధ్యభాగం, అంటే బుగ్గలు, ముక్కు, చెవులు ఎర్రన, రక్తం ఎక్కువ ఆడే చోటు. దవడ, గడ్డం మగవాళ్లకి నీలి బూడిద. నున్నగా గీసుకున్నా చర్మం కింద వెంట్రుక మొదళ్లు ఉంటాయి కదా. రాజు వేషానికి అర్దళం (మొహానికి పూసే రంగు పొడి) మొహమంతా ఒకేలా పులిమేస్తే ముందు వరసకి కూడా కృష్ణుడెవరో అర్జునుడెవరో తెలిసేది కాదు. మీ జాలరికి నుదుటి మీద ఓకర్ ఎక్కువ కలిపిన పూత, నడిమి మొహానికి ఇటుక ఎరుపు, దవడకి నీలం చుక్క కలిపిన పూత, ఒక్కొక్కటి వేసి చూడండి. నల్లటి వొంటికి బుగ్గ మీద గులాబీ పెట్టకండి. పెళ్లిళ్లలో అలా పెడుతున్నారు, చూస్తే బాధగా ఉంటుంది.

ఇంకొకటి. జాలరి ఎప్పుడూ ఎండలో నీళ్లకేసి చూసే మనిషి. కళ్లు చికిలించిన చోట ముడత లోపలికి ఎండ తగలదు, అక్కడ చర్మం లేతగా ఉంటుంది. మొహం పైకెత్తి నవ్వితే ఆ మడతల్లో తెల్లటి చారలు కనబడతాయి. జాలరిపేటలో ఏ పెద్దాయననైనా చూడండి. అందరూ ముడతలో ముదురు రంగు దించమంటున్నారు, కంటి పక్క మాత్రం తలకిందులు చేసి చూడండి.

సంధ్య_కుంచె
మేష్టారూ, ఈ కంటి చారల మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఈసారి పెడతాను.

మర్రిపాలెం_మావయ్య
జోకేద్దామని వచ్చాను, నోట్సు రాసుకుంటున్నాను.

ఏయూ_పాతకాపు
మేష్టారు చెప్పింది మొహం చెక్కేవాడికీ వేసేవాడికీ మధ్య ఉండే తేడా. స్పెయిన్‌లో సెవిల్ నగరంలో 1600ల మొదట్లో చెక్క విగ్రహం చెక్కేది ఒకరు, వొంటి రంగు వేసేది ఇంకొకరు. వృత్తి సంఘాల నియమాలే అలా ఉండేవి. మొంతాన్యెస్ అనే శిల్పి చెక్కిన క్రీస్తు విగ్రహానికి పచేకో అనే చిత్రకారుడు రంగులు వేశాడు. పేరున్న చిత్రకారుడు వెలాస్కెస్‌కి గురువు, మామగారు ఈ పచేకోయే. చెక్క మీద సుద్ద, జిగురు నేల వేసి, పైన ఆయిల్ రంగు. అప్పట్లో వొళ్లు గాజులా మెరిసేలా పాలిష్ చేసే అలవాటు ఉంటే, పచేకో మెరుపు లేని పూతే చర్మానికి దగ్గరని పట్టుబట్టాడు. ఒకసారి మొంతాన్యెస్ రంగు పని కాంట్రాక్టు కూడా తానే తీసుకున్నాడని పచేకో ఆయన మీద కరపత్రమే అచ్చేశాడు.

పెందుర్తి_పెయింటర్
పెయింటర్ రేటు కొట్టేస్తే ఎక్కడైనా అంతే.

బొమ్మలకొలువు_అత్త
నా చెక్క బామ్మకి మొహం నిండా పసుపు రాసుకున్నట్టు రావాలి. ఎల్లో పెయింట్ వేస్తే పసుపు రాసుకున్నట్టు లేదు, కామెర్లు వచ్చినట్టు ఉంది. పైన ఎవరో కామెర్లంటే గుర్తొచ్చి అడుగుతున్నాను.

సంధ్య_కుంచె
అత్తా, పసుపు మొహం అంటే గోధుమ రంగు వొంటి మీద పసుపు తెర. ముందు బామ్మ అసలు రంగు పూర్తి చేసి ఆరనివ్వండి. తరువాత పారదర్శకంగా ఉండే పసుపు తీసుకోండి. గాంబోజ్ హ్యూ అని గానీ, ఇండియన్ ఎల్లో హ్యూ అని గానీ రాసి ఉంటుంది. క్యాడ్మియం ఎల్లో వద్దు, అది కప్పేస్తుంది. మీడియం ఎక్కువ, రంగు తక్కువ కలిపి ఒకటే పలచటి పూత. బుగ్గల పైన, నుదుటి మధ్యలో కాస్త ఒత్తుగా, జుట్టు మొదలైన చోట, చెవి దగ్గర లేకుండా. మనిషి చేత్తో రాసుకుంటే అక్కడికి సరిగ్గా వెళ్లదు కదా. కుంకుమ బొట్టు అన్నీ అయ్యాక.

బొమ్మలకొలువు_అత్త
చెవి దగ్గర వదిలేయడం భలే చెప్పావమ్మా. మా అత్తగారు అచ్చం అంతే.

కంచరపాలెం_ఉలి
రెండో తల మొదలుపెట్టాను. తడిపి, నూగు తీసి, మీడియం కొట్టాను (వడ్రంగి అన్నా, కోప్పడకు). మూడు పూతలయ్యాయి. గడ్డం కింద మచ్చ పడలేదు. కానీ ఒక్కో పూత ఆరిందనుకుని పైన బ్రష్ పెడితే కింది పొర ఊడి వస్తోంది, చిన్న చిల్లు పడుతోంది.

రిటైర్డ్_ఫోర్‌మన్
వేలికి అంటకపోతే ఆరినట్టు కాదు. సముద్రం పక్కన గాలిలోనే నీళ్లున్నాయి, రంగులో నీళ్లు ఎక్కడికి పోతాయి? చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

గాజువాక_జీరో
హెయిర్ డ్రయ్యర్ పెట్టేయ్ అన్నా.

ఏయూ_పాతకాపు
పెట్టొచ్చు, దూరం నుంచి, తక్కువ వేడిలో. దగ్గర పెడితే పైన పొర ముందు గట్టిపడి లోపల తడి చిక్కుకుంటుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ బ్రష్ తిప్పడం కూడా మానండి. వేసిన గీత నచ్చకపోయినా ఆరనివ్వండి, తరువాతి పూతలో సరిచేసుకోవచ్చు. పలచటి పూతలతో ఉన్న సుఖమే అది.

ఇచ్ఛాపురం_ప్యాసింజర్
కళ్లు ఎప్పుడు వేయాలి? అన్నిటికన్నా ముందా, ఆఖరునా? మా వైపు అందరికీ పూరీ గుర్తొస్తుంది. స్నాన పౌర్ణమి తరువాత జగన్నాథుడు పదిహేను రోజులు చీకటి గదిలో ఉంటాడు. వేప చెక్క విగ్రహాలకు రంగులు మళ్లీ అద్దుతారు. రథయాత్ర ముందు, కళ్లు దిద్దే నేత్రోత్సవంతోనే దర్శనం మొదలు.

కృష్ణలంక_కోడలు
కొండపల్లిలో కూడా కనుగుడ్డు చుక్క ఆఖర్నే.

సంధ్య_కుంచె
నేను కంటి తెలుపు, కనురెప్ప నీడ మధ్యలోనే వేసేస్తాను, నల్లగుడ్డు మాత్రం చివర. కంటి తెలుపు అంటే తెలుపు కాదు. ఓకర్, నీలం ఇసుమంత కలిపిన బూడిద తెలుపు. ముసలాయనకి కాస్త పసుపు, మూలల్లో ఎరుపు. పైరెప్ప కింద సన్నటి నీడ గీత లేకపోతే కన్ను బయటికి పొడుచుకొస్తుంది. నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా కనబడితే భయపడిన మొహం వస్తుంది, పైభాగం రెప్ప కింద దాగాలి. గుడ్డు కూడా ముదురు గోధుమ, మధ్యలో మాత్రం ఇంకా ముదురు. మెరుపు చుక్క రెండు కళ్లకీ ఒకే వైపు. ఆ చుక్క ఒక్కటే మొహం మొత్తంలో అచ్చ తెలుపు. సున్నా నంబరు బ్రష్ వణుకుతుంటే సన్నగా చెక్కిన వెదురు పుల్ల వాడండి, అదుపు బాగుంటుంది. రెండు ముంజేతులూ బల్లకి ఆనించి, ఊపిరి వదిలాక చుక్క పెట్టండి.

మర్రిపాలెం_మావయ్య
నాకు షుగరు, చేయి వణుకుతాది. నా బొమ్మలన్నీ నిద్రపోతుంటాయి. రెప్ప గీత ఒకటి చాలు.

వరాహ_ఒడ్డు
మావయ్య నా పార్టీ.

గాజువాక_జీరో
ఫినిషింగ్‌కి స్ప్రే లక్కర్ కొట్టాను, మొహం మీద తెల్లటి పొగ పట్టేసింది. డబ్బా పాతదా?

రిటైర్డ్_ఫోర్‌మన్
డబ్బా కాదు, వాతావరణం. లక్కర్‌లో ద్రావకం చకచకా ఆవిరవుతుంటే ఆ ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ అక్కడ నీరు కట్టి పొరలో చిక్కుకుంటుంది. అదే తెలుపు. వాన పట్టినప్పుడు, సాయంత్రం బీచ్ గాలి తిరిగాక స్ప్రే వద్దు. పొడి ఎండ ఉన్న మధ్యాహ్నం, నీడ పట్టున కొట్టు. ఇప్పుడు పట్టిన తెలుపు మీద, పొడి రోజు చూసుకుని, రిటార్డర్ థిన్నర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రావకం) కలిపిన లక్కర్ పలచగా కొడితే చాలాసార్లు పోతుంది.

ఏయూ_పాతకాపు
మొహానికి మెరిసే స్ప్రే లక్కర్ ఎందుకసలు? నీళ్లతో కలిసే మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో వేయి. కంటికి, కింది పెదవికి మాత్రం ఒక చుక్క మెరిసే వార్నిష్. మనిషి మొహం మీద తడిగా ఉండేవి ఆ రెండే.

కృష్ణలంక_కోడలు
ఎనామిల్ వేసే వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మార్కెట్‌లో బొమ్మలు ఇప్పుడు చాలావరకు అవే.

పెందుర్తి_పెయింటర్
ఎనామిల్ వానకి ఆగుతుంది, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కానీ పలచటి పొరల పనికి రాదు. థిన్నర్ ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే మందం. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకైతే డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూడండి. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదని 2017 నవంబరు నుంచి రూలు. ఇంట్లో మూల పడి ఉన్న పాత డబ్బాలు మాత్రం వాడకండి.

వరాహ_ఒడ్డు
అందుకే లక్క అంటున్నాను మొదటి నుంచి.

కంచరపాలెం_ఉలి
నీడలు, ఎరుపు, దవడ నీలం అయ్యాయి. మేష్టారు చెప్పిన కంటి చారలకి ఓకర్‌లో చిటికెడు తెలుపు పెట్టి గీశాను. మా అమ్మ వచ్చి చూసి, ఈయన్ని ఎక్కడో చూశానంది. ఇప్పుడు మీసం. తెల్ల మీసం చెక్క మీద గీతలుగా చెక్కి ఉంది. తెలుపు వేస్తే అతికించిన దూదే.

అర్దళం_మేష్టారు
నాటకానికైతే దూదే అతికించేవాళ్లం!

సంధ్య_కుంచె
ముందు మీసమంతా నీలి బూడిద పలచగా, చర్మం దగ్గర అంచు గోధుమలో కలిసిపోయేటట్టు. ఆరాక బ్రష్‌కి లేత బూడిద రంగు తీసుకుని, గుడ్డ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచేసి, గీతలకి అడ్డంగా ఆనీ ఆనకుండా లాగండి. మిట్టలకే పడుతుంది. చివర రెండు మూడు వెంట్రుకలకి మాత్రం తెలుపు. బీడీ తాగే తాత అయితే ముక్కు కింద మధ్యలో ఓకర్ పలచగా ఒక పూత.

కంచరపాలెం_ఉలి
చుట్ట తాగుతాడు.

మర్రిపాలెం_మావయ్య
అడ్డ పొగా?

కంచరపాలెం_ఉలి
అడ్డ పొగే మావయ్యా.

అర్దళం_మేష్టారు
అయితే పెదవి మధ్య కూడా ముదురు చేయి బాబూ, అడ్డ పొగలో చుట్ట నిప్పు నోటి లోపలే కదా ఉండేది.